మనోవ్యాధికి మందుంది... క్లెయిమే లేదు!

గుండెదడ. ఈసీజీ తీశారు, నార్మల్. టూడీ ఎకో, అదీ నార్మల్. కడుపులో మంటకు ఎండోస్కోపీ చేసి ‘కొంచెం గ్యాస్’ అన్నారు. తలనొప్పికి స్కానింగ్, ఒళ్లునొప్పులకు విటమిన్ డి, నీరసానికి థైరాయిడ్... అదీ రెండుసార్లు! రిపోర్టులు పెట్టుకున్న ప్లాస్టిక్ కవరు చిరిగిపోయి, చీరల షాపువాళ్లిచ్చిన సంచిలోకి మారాయి. బాధ మాత్రం ఎక్కడికీ పోలేదు. మీ బంధువుల్లో వెతికితే ఇలాంటి సంచి ఒకటి కచ్చితంగా దొరుకుతుంది.

ప్రతి డాక్టరూ ‘మీకేం లేదమ్మా, టెన్షన్ పెట్టుకోకండి’ అనే పంపిస్తాడు. పెట్టుకోకుండా ఎలా ఉండాలో చెప్పేంత తీరిక ఓపీలో ఎవరికీ ఉండదు. ఆ పని చేసేవాళ్లు వేరే ఉన్నారు... సైకాలజిస్టులు, సైకియాట్రిస్టులు. ఆసుపత్రిలో చేరక్కర్లేదు, వారానికోసారి వెళ్లి ముప్పావుగంటో గంటో కూర్చుంటే చాలు. దీన్నే సైకోథెరపీ అంటారు. వెళ్లమంటే మాత్రం మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న: ‘నాకేమన్నా పిచ్చా?’. రెండోది: ‘కూర్చుని మాట్లాడటానికి వెయ్యి రూపాయలా?’.

మొదటి ప్రశ్న గురించి చాలామందే రాశారు. రెండోది లెక్కల ప్రశ్న. ఆ లెక్క కట్టినవాళ్లు ఉన్నారు కాబట్టి ఈ వారం దాని సంగతి చూద్దాం.

అలా కట్టినచోట్లలో ఒకటి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో. అక్కడ కైజర్ పర్మనెంటే అని ఓ పెద్ద వైద్య సంస్థ. సభ్యులు నెలనెలా ఇంతని కడతారు, తర్వాత ఎన్నిసార్లు డాక్టరు దగ్గరికొచ్చినా దాదాపు ఉచితమే. మన అన్‌లిమిటెడ్ ఫోన్ ప్లాన్ లాంటిదన్నమాట. మామూలు ఆసుపత్రికి రోగి పదిసార్లొస్తే పండగ. కైజర్‌కు మాత్రం ప్రతి రాకా ఖర్చే. అందుకే ఎవరు ఎక్కువసార్లు వస్తున్నారు, ఎందుకొస్తున్నారు అని ఆరా తీయాల్సిన అవసరం వాళ్లకు పడింది. (లాభం ఎటువైపుంటే పరిశోధన అటు నడుస్తుందనేది ఇక్కడ మన మంచికే వచ్చింది!)

అక్కడి మానసిక వైద్య విభాగంలో పనిచేసిన విలియం ఫోలెట్, నికొలస్ కమింగ్స్ 1967లో ఆ ఫైళ్లన్నీ తిరగేసి ఓ అధ్యయనం ప్రచురించారు. సైకోథెరపీకి వెళ్లినవాళ్ల రికార్డులు ఒకపక్క. మనోవేదన ఉన్నట్టు ఫైళ్లలో ఆనవాళ్లుండీ థెరపీకి వెళ్లనివాళ్ల రికార్డులు ఇంకోపక్క. థెరపీకి ముందు ఏడాది, తర్వాత ఐదేళ్లు... ఎవరెన్నిసార్లు ఆసుపత్రికి వచ్చారో లెక్కపెట్టారు. థెరపీకి వెళ్లినవాళ్ల రాకపోకలు బాగా తగ్గాయి. వెళ్లనివాళ్లవి తగ్గలేదు. ఒకే ఒక్కసారి కూర్చుని మాట్లాడి వెళ్లినవాళ్లలోనూ తగ్గుదల కనిపించింది!

ఇందులో ఓ మెలిక కూడా ఉంది, అది దాచకూడదు. ఏళ్ల తరబడి థెరపీ సాగినవాళ్లకు మొత్తం ఓపీ విజిట్లు తగ్గలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లే బదులు థెరపిస్టు దగ్గరికి వెళ్లారంతే. కానీ ఆసుపత్రిలో మంచమెక్కిన రోజులు మాత్రం బాగా పడిపోయాయి. బిల్లులో బరువంతా మంచం దగ్గరే కదా!

ఇంతకూ మాటతో బిల్లు ఎలా తగ్గుతుంది? మంత్రమేం కాదు. ప్యానిక్ ఎటాక్‌నే తీసుకోండి. ఉన్నట్టుండి గుండె కొట్టుకునే వేగం పెరుగుతుంది, ఊపిరి అందదు, ఛాతీ పట్టేస్తుంది, చేతివేళ్లు తిమ్మిరెక్కుతాయి. అచ్చం గుండెపోటే అనిపిస్తుంది. ఎమర్జెన్సీకి పరుగెడతారు. ఈసీజీ నార్మల్ అనగానే ప్రాణం లేచొస్తుంది. ఆ ఊరట నాలుగు రోజులే. ఐదోరోజు ‘వాళ్లు సరిగ్గా చూశారో లేదో’ అన్న పురుగు తొలుస్తుంది. ఇంకో డాక్టరు, ఇంకో పరీక్ష. ‘నార్మల్’ అన్న రిపోర్టే ఇక్కడ మత్తుమందులా పనిచేస్తుంది... డోసు దిగగానే మళ్లీ కావాలి.

థెరపిస్టు చేసే పని ఈ గొలుసును తెంపడం. కొందరు థెరపిస్టులు రోగిని తమ ఎదుటే ఓ నిమిషంపాటు గబగబా ఊపిరి పీల్చి వదలమంటారు. అవే లక్షణాలు వస్తాయి... అదే దడ, అదే తిమ్మిరి. కాసేపటికి వాటంతటవే పోతాయి. ‘ఇది నా గుండె కాదు, నా భయం’ అన్న సంగతి వంద నార్మల్ రిపోర్టుల కన్నా ఆ ఒక్క నిమిషం గట్టిగా చెబుతుంది. షుగరు రోగుల కథ ఇంకో రకం. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి మాత్ర వేసుకోవాలనిపించదు, నడవాలనిపించదు, తిండి అదుపులో ఉండదు. షుగరు పెరుగుతుంది, కాలిపుండు మానదు, చివరికి అడ్మిషన్. ఆ బిల్లు మీద డిప్రెషన్ అన్న మాట ఎక్కడా ఉండదు.

అయితే ఓ జాగ్రత్త. ఛాతీనొప్పి వస్తే ‘అంతా మనసే’ అని ఇంట్లో కూర్చోకండి. మొదటిసారి పరీక్ష చేయించాల్సిందే. మన గొడవంతా ఆరోసారి చేయించే పరీక్ష గురించే.

కైజర్ లెక్కను అక్కడితో వదిలేయలేదు. 1984లో 58 అధ్యయనాలను కలిపి చూస్తే, ఆదా ఎక్కువగా ఇన్‌పేషెంటు ఖర్చులోనే అని, అదీ వయసు మళ్లినవాళ్లలో ఎక్కువ అని తేలింది. 1999లో 91 అధ్యయనాలను కూడితే సగటు ఆదా సుమారు 20 శాతం. వీటిని చదివి ఎగిరి గంతేయకూడదనేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటలోనూ పస ఉంది. జ్వరం బాగా ముదిరిన రోజునే కదా మనం డాక్టరు దగ్గరికి వెళతాం, మర్నాడు ఎలాగూ కొంత తగ్గుతుంది. అలాగే జనం బాగా కుంగినప్పుడే థెరపీకి వస్తారు. తర్వాతి తగ్గుదలంతా థెరపీ ఖాతాలో వేయలేం. అందుకే పోల్చడానికి రెండో గుంపు లేని అధ్యయనాన్ని అనుమానంగానే చూడాలి.

అయినా ప్రభుత్వాలు ఈ లెక్కల్ని పట్టించుకున్నాయి. బెర్లిన్‌లో అన్నెమరీ డ్యూర్సెన్ 1965లో ఇలాంటి లెక్కే తేల్చారు. థెరపీకి ముందు మిగతా సభ్యుల కంటే ఎక్కువ రోజులు ఆసుపత్రిలో గడిపినవాళ్లు, తర్వాతి ఐదేళ్లలో వాళ్లకంటే తక్కువ రోజులు గడిపారు. రెండేళ్ల తర్వాత, 1967లో, జర్మనీ ఆరోగ్య బీమాలో సైకోథెరపీ చేరింది. ఇంగ్లండ్‌లో రిచర్డ్ లేయార్డ్ అనే ఆర్థికవేత్త 2006లో ‘ఇది తన ఖర్చు తనే రాబట్టుకుంటుంది’ అని వాదించి ఒప్పించాడు. 2008లో అక్కడ ఉచిత థెరపీ కేంద్రాలు మొదలయ్యాయి.

వాళ్లంటే డబ్బున్న దేశాలు అంటారా? గోవా సంగతి వినండి. డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మానస్ అనే ప్రయోగం చేసింది. సైకాలజీ చదవని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి కౌన్సెలర్లుగా కూర్చోబెట్టారు. డాక్టరు మందు అవసరమైనవాళ్లకు మందు రాశాడు. 2010లో ఫలితాలొచ్చాయి. ప్రభుత్వ కేంద్రాలకు వచ్చిన రోగులు బాగా కోలుకున్నారు. 2012లో ఖర్చుల లెక్క వేస్తే, ఆ కేంద్రాల్లో రోగులు కోలుకోవడమే కాదు, మొత్తం ఖర్చూ తగ్గింది. పని దినాలు మిగిలాయన్నమాట కూడా ఈ లెక్కలో ఉంది. కూలి పోకుండా ఉండటం కూడా ఆదాయే కదా!

మరి మన దగ్గర? 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో డిప్రెషన్ ఉన్నవాళ్లలో దాదాపు 85 శాతానికి చికిత్సే అందడం లేదని తేలింది. చికిత్సకీ, ప్రయాణాలకీ కుటుంబాలు నెలకు వెయ్యి నుంచి పదిహేను వందల దాకా పెట్టుకుంటున్నాయట. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మన రెండూ లేవు. మనం తక్కువ తినలేదని నా అనుమానం.

2017 మానసిక ఆరోగ్య చట్టం ఒంటి జబ్బుకిచ్చినట్టే మనసు జబ్బుకూ బీమా ఇవ్వాలంది. 2018 ఆగస్టులో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు అదే చెప్పింది. కానీ మామూలు పాలసీ అంటే ఆసుపత్రిలో చేరితేనే పాలసీ. డిశ్చార్జి సమ్మరీ లేనిదే క్లెయిమ్ కదలదు. ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ ప్రధానంగా అడ్మిషన్ల కోసమే పుట్టాయి. థెరపీకి అడ్మిషనే ఉండదు... అదే దాని గొప్పతనం, అదే దాని పాపం! జబ్బు ముదిరి మంచమెక్కితే లక్ష ఇస్తారు. మంచమెక్కకుండా ఆపే వెయ్యి రూపాయలు మాత్రం మన జేబులోంచే పోవాలి.

ఇంకోమాట. కాటరాక్టు ఆపరేషన్ చేస్తే ఎంత మిగులుతుందని ఎవరన్నా అడుగుతారా? చూపొస్తే చాలనుకుంటాం. మనసు దగ్గరికొచ్చేసరికి ఆదా చూపిస్తేనే వైద్యం అంటున్నాం. ఈ లెక్కలన్నీ చెప్పింది బీమావాళ్ల కోసమే. రాత్రి నిద్రపట్టని మనిషికి నిద్రపడితే అది ఏ పద్దులో రాస్తారు?

ప్రస్తుతానికి జేబు ఖాళీ కాకుండా చేయగలిగినవి కొన్నున్నాయి. 2022లో మొదలైన టెలిమానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఓపీ ఉంది. ఉద్యోగం చేస్తుంటే ఆఫీసు గ్రూప్ పాలసీలో ‘ఓపీడీ’ కవరు ఉందేమో, అందులో కౌన్సెలింగ్ ఉందేమో హెచ్ఆర్‌ను అడగండి. కొన్ని కంపెనీలు ఇస్తున్నాయి. చాలామందికి ఆ సంగతే తెలీదు. వెళ్లేటప్పుడు ఆ రిపోర్టుల సంచి కూడా పట్టుకెళ్లండి. చేసిన పరీక్ష మళ్లీ చేయించకుండా అదే పనికొస్తుంది.