నల్లగొండ, పాలమూరు యువ చిత్రకారులకు గ్యాలరీలు కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన భాషా సాంస్కృతిక శాఖ సంచాలకులు గారికి,
(నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా కలెక్టర్ల ద్వారా)

విషయం: రెండు జిల్లా కేంద్రాల్లో లాభాపేక్ష లేని సమకాలీన కళా గ్యాలరీల ఏర్పాటు గురించి.

ఆర్యా,

మేము ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల యువ చిత్రకారులం, శిల్పులం. ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్ళూ, ఫ్లెక్సీలు వచ్చాక సైన్‌బోర్డుల పని పోయినవాళ్ళూ మాలో ఉన్నారు. మేం గీసేది మా ఊళ్ళనే: మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ళకు వంకరపోయిన కాళ్ళు, బొంబాయి బస్సెక్కే పాలమూరు కూలీలు, పోచంపల్లి మగ్గాలు. ఆ మనుషులకే ఆ బొమ్మలు చూసే వీలు లేదు. చిత్రం నలుగురి కంటపడాలంటే వంద కిలోమీటర్ల అవతల హైదరాబాదుకు మోసుకెళ్ళాలి. హాలు అద్దె, ఫ్రేములు, వ్యాను కిరాయి అన్నీ ఇంకా పేరు రాని పిల్లవాడే భరించాలి. ఆడపిల్లలకు అక్కడ వారం రోజులు ఉండడమే పెద్ద సమస్య. మొదటి ప్రదర్శనతోనే అప్పుల పాలై బొమ్మలు మానేసినవాళ్ళను మేం ఎరుగుదుం.

ఈ నేలకు కళ కొత్త కాదు. ఉమ్మడి నల్లగొండలోని ఫణిగిరి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో కొలువుదీరాయి. 2014లో రాష్ట్ర చిహ్నానికి రూపమిచ్చిన ఏలె లక్ష్మణ్ గారు కదిరేనిగూడెం చేనేత ఇంటి బిడ్డ. పానగల్లులో, పిల్లలమర్రిలో పాత శిల్పాలకు మ్యూజియాలున్నాయి, ఉండాలి కూడా. ఇవాళ పని చేస్తున్నవాళ్ళకూ ఒక గోడ ఇవ్వమని అడుగుతున్నాం.

కొత్త భవనాలు అక్కర్లేదు. కొచ్చిలో 2012లో మొదలైన బినాలే కళా ప్రదర్శన ఎక్కువగా పాత వర్తకుల గోదాముల్లో నడుస్తోంది. హైదరాబాదు బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న సాంస్కృతిక వేదిక లామకాన్ ఒకప్పుడు ఒక కుటుంబం ఉన్న ఇల్లు. నల్లగొండలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఒకటి, వాడకంలో లేని ప్రభుత్వ భవనాలను బస్టాండుకు నడిచి వెళ్ళే దూరంలో దీర్ఘకాలిక లీజుకు ఇప్పించండి. గోడలకు చెమ్మ దిగకుండా, లైట్లు సరిగా ఉండేలా బాగుచేయిస్తే చాలు. పనికి వెళ్ళొచ్చినవాళ్ళు చూడాలి కాబట్టి రాత్రి 8 గంటల దాకా, ఆదివారాలు కూడా తెరిచి ఉంచాలి.

నిర్వహణ మాకు వదిలేయండి. 2001 నాటి సొసైటీల చట్టం కింద నమోదై, ఏటా లెక్కలు గోడకు అంటిస్తాం. కమిటీలో సగానికి తగ్గకుండా కళాకారులే ఉండాలి, వారిలో మహిళలు తప్పనిసరి. ఇంతవరకు సొంత ప్రదర్శన జరగనివారికే ముందు అవకాశం. కళాకారుడి నుంచి అద్దె తీసుకోం, బొమ్మ అమ్ముడైతే మొత్తం డబ్బు అతనిదే. ఈ ఒక్క షరతు మీద మేం రాజీపడలేం. వాటా తీసుకునే గ్యాలరీ అమ్ముడుపోయే బొమ్మనే వెతుక్కుంటుంది, మా ఫ్లోరైడ్ చిత్రాలు దానికి పనికిరావు.

మొదటి మూడేళ్ళు కరెంటు బిల్లు, ఒక కాపలాదారు జీతం శాఖ భరించాలి. ఆ తర్వాతి ఖర్చుకూ దారి ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. ఆ చట్టం ఏడో షెడ్యూలులో కళ, సంస్కృతి ఉన్నాయి. నల్లగొండ ప్రాంతంలో సిమెంటు ఫ్యాక్టరీలకు కొదవ లేదు. నల్లగొండ కలెక్టర్ గారు వాటి యాజమాన్యాలను ఒకసారి పిలిచి మాట్లాడాలని కోరుతున్నాం.

నెల రోజుల్లో మా ప్రతినిధులకు సమయమిచ్చి, భవనాల పరిశీలనకు ఒక అధికారిని నియమించాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల యువ చిత్రకారులు, శిల్పులు