ఖాళీ ట్యాంకర్ ఖాళీ కాదు



విశాఖ రిఫైనరీ నుంచి పెట్రోలు, డీజిలు, వంటగ్యాసు. పరవాడ, పటాన్‌చెరు, జీడిమెట్ల ఫ్యాక్టరీలకు సాల్వెంట్లు, యాసిడ్లు. మన రోడ్ల మీద ఇవన్నీ ట్యాంకర్లలోనే తిరుగుతాయి. పోయేటప్పుడు నిండుగా పోతాయి, వచ్చేటప్పుడు ఖాళీగా వస్తాయి. నిండు బండి అంటే ఎంతో కొంత భయం ఉంది, దానికో చట్టం ఉంది. తిరిగొచ్చే ఖాళీ బండిని ఎవరు పట్టించుకుంటున్నారు? సరుకు దింపేశాం కదా అని డ్రైవరు ధాబా పక్కన ఆపి బీడీ వెలిగిస్తాడు. క్లీనరు బండి నీడలోనే స్టవ్ పెట్టి అన్నం వండుతాడు. మర్నాడు ఓనరు ఆ బండిని ఆటోనగర్‌కి పంపి వెల్డింగ్ చేయించమంటాడు.

ట్యాంకుకి వెల్డింగ్ చేస్తుండగా పేలుడు, కార్మికుడి మృతి అనే వార్త మన పత్రికల జిల్లా పేజీల్లో ఎన్నోసార్లు చదివాం. ప్రతిసారీ అది "ప్రమాదవశాత్తు" జరిగిందనే రాస్తారు. అందులో ప్రమాదవశాత్తు జరిగేదేమీ లేదని నా వాదన.

ఒక చిన్న లెక్క చూడండి. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. మూసిన ట్యాంకులో అయితే పేలుతుంది. అంతకంటే తక్కువైతే ఆవిరి చాలదు, ఎక్కువైతే గాలి చాలదు. నిండు ట్యాంకులో ద్రవం పైన మిగిలిన కాస్త జాగాలో ఆవిరి చిక్కగా ఉంటుంది, గాలి తక్కువ. పెట్రోలు దింపుతున్నకొద్దీ బయటి గాలి లోపలికి వస్తుంది, ఆ మిశ్రమం పేలే పాళ్లకు దిగుతుంది. 12,000 లీటర్ల ట్యాంకు మొత్తం ఆ పాళ్లకు చేరడానికి ఎంత పెట్రోలు ఆవిరి కావాలి? లెక్క కడితే దాదాపు ముప్పావు లీటరు తేలుతుంది. ట్యాంకు అడుగున, పైపుల్లో, వాల్వుల దగ్గర ఆ మాత్రం మిగలడం వింతేమీ కాదు. అంటే నిండు బండి కంటే ఖాళీ బండి లోపలే పేలుడుకి సరిపడే పాళ్లు కుదిరే అవకాశం ఎక్కువ.

వంటగ్యాసు సంగతి వేరు. ద్రవమంతా దింపేసినా ఆ బుల్లెట్ ట్యాంకర్‌లో ఒత్తిడి మీద ఆవిరి మిగులుతుంది. మన వంటింటి సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు. ఆ "ఖాళీ" బండిలో మిగిలేది అలాంటి సిలిండర్లు ఎన్నిటికో సరిపడే గ్యాసు. పైగా అది గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నేలబారుగా పాకి కాలవల్లోకి, పల్లపు ఇళ్లల్లోకి చేరుతుంది. 2012లో కేరళలోని కన్నూరు దగ్గర చాలాలోనూ, 2024 డిసెంబరులో జైపూర్ దగ్గర భాంక్రోటాలోనూ గ్యాసు ట్యాంకర్లు ఎంత ఘోరం చేశాయో చూశాం. అవి సరుకుతో ఉన్న బండ్లు. కానీ ఖాళీ బండి వాల్వు విరిగినా బయటికొచ్చేది అదే గ్యాసు.

నేనుండే అమెరికాలో ఈ విషయాన్ని చట్టం ఎలా చూస్తుందో చెబుతాను. రైలు పట్టాల ముందు పెట్రోలు ట్యాంకర్ పూర్తిగా ఆగి, చూసుకుని కదలడం మీలో చాలామంది గమనించే ఉంటారు. ప్రమాదకర సరుకు మోసే ట్యాంకర్ నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా ఆగి తీరాలని ఫెడరల్ నిబంధన 392.10 చెబుతోంది. మండే సరుకు మోసిన ఖాళీ ట్యాంకర్‌కి 25 అడుగుల లోపు సిగరెట్ కాల్చకూడదని 397.13 చెబుతోంది. అన్నిటికీ మూలం 173.29. ప్రమాదకర సరుకు తాలూకు శేషం మిగిలిన పాత్రను నిండుగా ఉన్నప్పుడు ఎలా చూస్తామో అలాగే చూడాలి, కడిగి ఆవిరి కూడా పోగొట్టిన తర్వాతే అది ఖాళీ. అంతవరకు ట్యాంకర్ మీది హెచ్చరిక బోర్డు తీయకూడదు. అలాగే లోపల ప్రమాదకరమైనదేమీ లేనప్పుడు బోర్డు ఉంచకూడదు కూడా. అబద్ధం చెప్పే బోర్డుని రేపు ఫైరింజన్ వాళ్లు నమ్మరు కదా! యూరప్ దేశాల ఒప్పందం ఏడీఆర్ కూడా ఇదే దారిలో ఉంది. కడగని ఖాళీ ట్యాంకర్‌కి నారింజ పలక ఉండాల్సిందే.

మన దేశంలో చట్టం లేదా? ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 129 నుంచి 137 వరకు ఇందుకోసమే ఉన్నాయి. బండి మీద అత్యవసర సమాచార పలక ఉండాలి, డ్రైవరుకి ప్రత్యేక శిక్షణ ఉండాలి, సరుకు గురించి రాతపూర్వక సమాచారం క్యాబిన్‌లో ఉండాలి. అయితే 133వ నిబంధన ఆ కాగితం ఎప్పటిదాకా ఉండాలంటుంది? ఆ సరుకు రవాణా అవుతున్నంతసేపూ. సరుకు దింపిన క్షణం నుంచి డ్రైవరు దాన్ని ఎలా అర్థం చేసుకుంటాడు? పని అయిపోయిందనే కదా. పెట్రోలు ట్యాంకర్ మీద పలక పెయింటుతో రాసి ఉంటుంది కాబట్టి ఖాళీ బండి మీద కూడా కనిపిస్తుంది, నిజమే. కానీ ఈ వారం ఒక సాల్వెంటు, వచ్చే వారం ఇంకోటి మోసే రసాయన ట్యాంకర్ సంగతేమిటి? అది బోల్తా పడితే చివరిసారి ఏం మోసిందో ఎస్సైకి చెప్పేదెవరు?

"అమెరికా చట్టాలు మనకి కుదరవు, మన దగ్గర ఇంకో రూలు పెడితే ఇంకో మామూలు పుడుతుంది" అనే మిత్రులున్నారు. మామూళ్ల మాట కాదనను. కానీ నేనడిగేదానికి కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త ఆఫీసు అక్కర్లేదు. ఖాళీ అనే మాటకి అర్థం మారిస్తే చాలు. తనిఖీ అధికారికి బేరమాడే వీలు పెరిగేది రూలు అస్పష్టంగా ఉన్నప్పుడే. కడిగిన సర్టిఫికెట్ ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నలో ఆ వీలు తక్కువ.

2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్ వల్ల ఆగి ఉన్న ప్లాంటు అది. పని జరగడం లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం ఎంత తప్పో ఆ తెల్లవారుజామున తెలిసింది. సరుకు లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం కూడా అలాంటిదే.

కావలసినవి నాలుగు.

1. కడిగి, ఆవిరి పోగొట్టినట్టు సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా ట్యాంకర్‌ని నిండు బండిగానే లెక్కించాలని నిబంధనల్లో ఒక్క వాక్యం స్పష్టంగా చేర్చాలి.

2. తిరుగు ప్రయాణంలో "చివరిసారి మోసిన సరుకు" అనే కాగితం డ్రైవరు దగ్గర ఉండాలి. అది అతను చదవగలిగే భాషలో ఉండాలి.

3. పారిశ్రామికవాడల్లో ట్యాంకర్లు కడిగే యార్డులు పెట్టి, ఆ నీటిని శుద్ధి కేంద్రానికి కలపాలి. లేకపోతే కడగమన్న రూలు కాస్తా రాత్రిపూట నాలాలోకి, చెరువులోకి వదిలే రూలు అవుతుంది. జీడిమెట్ల, పటాన్‌చెరు వాసులకి ఈ మాట వివరించనక్కర్లేదు.

4. సర్టిఫికెట్ లేని ట్యాంకుకి వెల్డింగ్ చేయిస్తే కేసు బండి ఓనరు మీద పడాలి. రోజు కూలికి వచ్చిన వెల్డరు మీద కాదు.

మనమేం చేయగలం? మనలో కెమికల్ ఇంజనీర్లున్నారు, రిఫైనరీల్లో సేఫ్టీ పని చేసేవాళ్లున్నారు, రవాణా కంపెనీలకి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లున్నారు. మోటారు వాహనాల నిబంధనలు మార్చేటప్పుడు కేంద్రం ముసాయిదాను గెజిట్‌లో పెట్టి అభ్యంతరాలు, సూచనలు అడుగుతుంది. అప్పుడు పంపడానికి మన సూచన ఇప్పుడే తయారుగా ఉండాలి. భారత పౌరసత్వం ఉన్నవాళ్లు సమాచార హక్కు చట్టం కింద రెండు రాష్ట్రాల రవాణా శాఖలకీ ఒక్క ప్రశ్న వేయండి: గత మూడేళ్లలో ఎన్ని ఖాళీ ట్యాంకర్లను తనిఖీ చేశారు? మిగిలినవాళ్లు మీ ఊరి ఎంపీకి ఉత్తరం రాయండి. డ్రైవర్లకి పంచడానికి తెలుగులో ఒక పేజీ కార్డు రాయగలిగినవాళ్లు ముందుకు రండి, అచ్చు ఖర్చు మనం పెట్టుకుందాం.

ట్యాంకర్ నడిపేవాడికి, దాన్ని అతికేవాడికి ఎన్నారై సంఘం ఉండదు, టీవీ చర్చ ఉండదు. వాళ్ల తరఫున ఒక్క వాక్యం చట్టంలో చేర్పించడం మనకి మరీ పెద్ద పనేమీ కాదు. ఈ నెలలోనే మొదలుపెడదాం.