‘సీరియస్‌గా ఉంది, రండి’ అనకండి

2009లో వచ్చిన అమెరికన్ సినిమా ‘ది మెసెంజర్’ చూశారా? యుద్ధంలో చనిపోయిన సైనికుల ఇళ్లకు వెళ్లి ఆ కబురు చెప్పే ఇద్దరు సైనికుల కథ. ‘దూరమయ్యాడు’, ‘ఇక లేడు’ లాంటి మాటలొద్దు, ‘చనిపోయాడు’ అనే చెప్పాలని సీనియర్ కొత్తవాడికి నేర్పుతాడు. వినడానికి కర్కశంగా ఉంటుంది. నాగర్‌కర్నూల్‌లో క్యాజువాలిటీ డ్యూటీ చేసే నాకు మాత్రం అది సబబుగానే అనిపించింది. ఇంటివాళ్లను తాకొద్దన్న ఇంకో నియమాన్నే ఒప్పుకోను. మన దగ్గర భుజం మీద చెయ్యి వేయని డాక్టరును బండరాయి అంటారు.

మన అలవాటు వేరు. శ్రీశైలం రోడ్డు మీద ప్రమాదంలో ప్రాణం పోయినా, ఇంటికి వెళ్లే ఫోను ‘కొంచెం సీరియస్‌గా ఉంది, వెంటనే రండి’ అనే. దారిలో ఏమైపోతారోనన్న భయంతోనే అలా చెబుతారు. కానీ ఆ మాట విన్న కొడుకు ఏం చేస్తాడు? ఇంకా బతికించుకోవచ్చనుకుని అచ్చంపేట నుంచి చీకట్లో బైకు మీద దూసుకొస్తాడు. బంధువులు హైదరాబాద్ తీసుకెళ్లాలని అప్పు తెస్తారు, అంబులెన్స్ మాట్లాడతారు. గేటు దగ్గర అందరి ముఖాలు చూశాక విషయం అర్థమవుతుంది. ‘ఇంకాస్త ముందొచ్చి ఉంటే...’ అన్న బాధ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ముందొచ్చినా లాభం లేదని వాళ్లకు ఎవరు చెప్పారు గనక!

2020లో గల్వాన్‌లో అమరుడైన కల్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట. అమ్మానాన్నలు అక్కడ, భార్యాపిల్లలు ఢిల్లీలో. జూన్ 16న సైన్యం ఇచ్చిన మొదటి ప్రకటనలో ఒక అధికారి, ఇద్దరు సైనికులు అని మాత్రమే ఉంది, పేర్లు లేవు. మన వాట్సాప్ గ్రూపుల్లోనేమో పోలీసులు వచ్చేలోపే శవం ఫొటో, బండి నంబరుతో సహా తిరుగుతుంది.

అలాంటి కబురు చెప్పాల్సిన బాధ్యత మీ మీద పడితే, వీలైతే ఇంటికే వెళ్లండి. లేదంటే ముందు దగ్గరి బంధువుకో, పక్కింటివాళ్లకో చెప్పి పంపండి. బండి నడుపుతున్న మనిషికి ఫోనులో చెప్పొద్దు. కూర్చోబెట్టి, ‘చెడ్డ కబురమ్మా’ అని ఒక్క క్షణం ఆగి, చనిపోయారని చెప్పండి. తర్వాత మాట్లాడకండి, ఏడవనివ్వండి. ఆసుపత్రికి కారులోనే, తోడుతోనే పంపండి.

‘నాయనమ్మకు గుండె జబ్బు, చెప్పొచ్చా సార్?’ అని చాలామంది అడుగుతారు. చెప్పాలి. దాచినా ఇంట్లో ఏడుపులు ఆమెకు వినపడవా? పక్కన ఒకరు ఉండి, ఆ పూట బీపీ, షుగరు మాత్రలు మరిచిపోకుండా వేయండి. హఠాత్తుగా వచ్చిన దుఃఖానికి గుండె కండరం బలహీనపడటం నిజంగానే ఉంది. అందుకే ఛాతీ నొప్పి, ఆయాసం అంటే ఏడుపు వల్లేలెమ్మని వదిలేయకుండా 108కి ఫోన్ చేయండి.