నిద్రపోతే లేవని కంప్యూటర్

మా ఇంట్లో సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ ఉంది. కాసేపు వదిలేస్తే స్లీప్‌లోకి పోయేది. మౌస్ కదిపితే ఫ్యాన్ తిరిగేది గానీ, తెర నల్లగానే ఉండేది. ఒకరోజు నేను నైట్ షిఫ్ట్ నుంచి వచ్చేసరికి మా పాప ఏడుస్తోంది. సేవ్ చేయని ప్రాజెక్టంతా పోయింది. అత్తిబెలెలో చూపిస్తే "బోర్డు మార్చాల" అన్నారు. అంత డబ్బెక్కడిది?

స్లీప్‌లో దాదాపు అన్నీ ఆగిపోతాయి. ర్యామ్‌కి మాత్రం కరెంటు అందుతుంటుంది, చేస్తున్న పని అందులోనే ఉంటుంది. మళ్లీ లేపే పనిలో బోర్డు మీది బయోస్‌ది ముఖ్యపాత్ర. అది పాతదైతే ఒక్కోసారి తడబడుతుంది.

మీకూ ఇదే తంటా ఉంటే, 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్' తెరిచి బోర్డు మోడల్, బయోస్ వెర్షన్ రాసుకోండి. తయారీ కంపెనీ సైటులో అదే మోడల్‌కి కొత్తది ఉందేమో చూడండి. వేరే మోడల్‌ది ఎక్కించొద్దు. ముందు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. మధ్యలో కరెంటు పోతే బోర్డే చచ్చిపోవచ్చు, అందుకే యూపీఎస్ తప్పనిసరి. నేను పక్కింటివాళ్లది అడిగి తెచ్చుకున్నా.

మాది బాగైంది, పైసా ఖర్చు కాలేదు. మీది కాకపోతే పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ని 'నెవర్' చేసి, పని కాగానే షట్‌డౌన్ చేయండి. పాపకైతే ఒకటే చెప్పినా: లేచే ముందు సేవ్ చెయ్యమ్మా.