పాత ఎస్‌యూవీకి పుట్టిన ఏడాది ఒక్కటే చాలదు

పదేళ్లు నిండవస్తున్న డీజిల్ ఫార్చూనర్‌కు ఢిల్లీలో ఒక ధర, హైదరాబాద్‌లో మరో ధర. బండి అదే, ఇంజను అదే, తిరిగిన కిలోమీటర్లూ అవే. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాల్లో తిరగకూడదని 2015 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అంది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అప్పటి నుంచి అక్కడివాళ్లు గడువు ముంచుకు రాకముందే బండిని వదిలించుకోవడం, అది నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) పట్టుకుని మన వైపు దిగిరావడం ఒక వ్యాపారంగా స్థిరపడింది. కొత్త కారు కోసం దాచుకున్న డబ్బుతోనే ఊళ్లో నలుగురూ తలతిప్పి చూసే పెద్ద బండి వస్తోందంటే ఎవరికి మాత్రం ఆశ పుట్టదు? ఈ బేరంలో ప్రభుత్వం చూసేది బండి పుట్టిన ఏడాదిని, కొనేవాడు చూసేది ధరను. ఇన్నేళ్లూ దాన్ని ఎవరు చూసుకున్నారు, ఎలా చూసుకున్నారు అన్నది ఇద్దరికీ పట్టడం లేదు. బండి ఇంకా ఎంతకాలం నడుస్తుందో, ఎంత ఖర్చు పెట్టిస్తుందో తేల్చేది మాత్రం అదే.

1998లో వచ్చిన సఫారీ, 2002 నాటి స్కార్పియో, మరుసటేడు ఎండీవర్, 2009లో ఫార్చూనర్ - సెకండ్ హ్యాండ్ మార్కెట్లో పెద్ద బండి అంటే ఎక్కువగా వినిపించే పేర్లివి. (ఫ్యాక్షన్ సినిమాల్లో గాల్లోకి లేచిన సుమోలను ఇందులో కలపడం లేదు.) వీటన్నిటికీ కింద విడిగా ఉక్కు ఛాసిస్, దాని మీద బోల్టులతో బిగించిన బాడీ ఉంటాయి. దేన్నయినా విప్పి మార్చుకోవచ్చు కాబట్టి చూసుకునేవాడి చేతిలో ఇవి చాలాకాలం నడుస్తాయి. కాకపోతే రెండు టన్నులకు అటూ ఇటూగా ఉండే ఆ బరువంతా బుష్‌ల మీద, బాల్ జాయింట్ల మీద, షాక్ అబ్జార్బర్ల మీద పడుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకు వేళకు గ్రీజు పడకపోతే ముందు టకటకమంటాయి, తర్వాత అదురు మొదలవుతుంది. వీటికన్నా గట్టి ఉదాహరణ టైమింగ్ బెల్టు. మొదటి తరం ఫార్చూనర్ మూడు లీటర్ల డీజిల్ ఇంజనులో వాల్వులు పిస్టన్లతో తాళం తప్పకుండా కదలాలంటే ఈ రబ్బరు బెల్టు తెగకుండా ఉండాలి. మార్చాల్సిన గడువు వస్తే డ్యాష్‌బోర్డు మీద టీ-బెల్ట్ అని లైటు వెలుగుతుంది. బెల్టు మార్చకుండా లైటును మాత్రమే ఆర్పేసి బండి అమ్మేయడం పెద్ద విద్యేమీ కాదు. తర్వాత ఏ హైవే మీదో బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులను గుద్దుతాయి. వేలల్లో తేలిపోయే పని అప్పుడు లక్షల్లోకి వెళుతుంది. ఒకే ఏడాది తయారై, ఒకే షోరూములో అమ్ముడుపోయిన రెండు బండ్లలో ఒకదానికి బెల్టు మార్చి, రెండోదానికి మార్చకపోతే ఆ రెంటికీ ఒకే వయసు కట్టడంలో అర్థం లేదు.

కొనేవాడి లెక్క తప్పేది కూడా ఇక్కడే. ధర సగానికి, పావుకు పడిపోతుంది గానీ ఖర్చులు దాంతోపాటు పడిపోవు. థర్డ్ పార్టీ బీమా ప్రీమియమే చూడండి. 1500 సీసీ దాటిన ప్రైవేటు కారుకు 2022లో నిర్ణయించిన మొత్తం ఏడాదికి 7,897 రూపాయలు. ఏడాది పాలసీలో బండి వయసు ఎంతైనా అంతే. లీటరుకు పది కిలోమీటర్లు ఇచ్చే బండిని ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిప్పితే వెయ్యి లీటర్ల డీజిల్ కావాలి, లీటరు 95 రూపాయల చొప్పున చూసినా 95 వేలు. టైర్లు స్టెప్నీతో కలిపి ఐదు, అవీ పెద్ద సైజువి. వీటికి తోడు తయారై చాలాకాలమైన బండికి ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్, ఏసీ కంప్రెసర్ అన్నీ ఒకే రెండు మూడేళ్లలో వరస కడతాయి. తడిసి మోపెడవుతుందని అప్పుడు గానీ తెలిసిరాదు. ఖర్చు మాట ముందే తెలిసి, ఏటా కొంత పక్కన పెట్టగలిగినవాడికి పాత పెద్ద బండి దండగ కాదన్నదే నా వాదన. కొత్త బండి మొదటి కొన్నేళ్లలో పోగొట్టుకునే విలువతో పోలిస్తే ఈ మరమ్మతులు చాలా తక్కువ. బండి కొనడానికే ఉన్నదంతా ఊడ్చిపెట్టినవాడికి మాత్రం ఇది తెలిసి తెలిసి చేసే అప్పు.

అయితే ఏ బండిని ఎలా చూసుకున్నారో కొనేవాడికి ఎలా తెలుస్తుంది? మీటరు అబద్ధం చెప్పగలదు, పాలిష్ అంతకన్నా తేలిగ్గా చెప్పగలదు. పైన పటారం, లోన లొటారం. టైరు పక్క గోడ మీద అచ్చయిన నాలుగంకెలు మాత్రం మారవు: 2319 అని ఉంటే 2019లో ఇరవైమూడో వారంలో తయారైందని. అరవై వేలు తిరిగిందంటున్న బండికి అప్పుడే మూడో సెట్టు టైర్లు ఉన్నాయని తేలితే బేరం అక్కడే ఆపొచ్చు. విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలికి ఏళ్ల తరబడి ఉన్న బండి ఛాసిస్‌ను కిందికి దూరి చూడాల్సిందే. పెయింటు కింద తుప్పు పొరలు పొరలుగా లేస్తుంటే ఇంజను ఎంత బాగున్నా లాభం లేదు. భారత్‌లో తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ప్రకటించింది. కాబట్టి ఆ కంపెనీ బండి ఎండీవర్ కొనేవాళ్లు విజయవాడ ఆటోనగర్‌లో ఏ పార్టు దొరుకుతుందో, దేనికి ఆర్డరు పెట్టి ఆగాలో ముందే కనుక్కోవడం మేలు.

మరి కాలుష్యం మాటేమిటి అనే ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. భారత్ స్టేజ్ (బీఎస్) ఉద్గార ప్రమాణాల్లో బీఎస్-4 డీజిల్ కార్లకు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల మసి దాకా అనుమతి ఉండేది. 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6లో అది 4.5 మిల్లీగ్రాములు. ఎంత అపురూపంగా చూసుకున్నా, ఎన్ని ఫిల్టర్లు మార్చినా బీఎస్-3 ఇంజను బీఎస్-6 అయిపోదు. ఇది ఒప్పుకోవాల్సిందే. కానీ ఈ వాదన తేల్చేది బండిని ఏ ప్రమాణానికి తయారుచేశారన్నదే తప్ప దాని వయసును కాదు. 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాద్‌తో సహా పదమూడు నగరాల్లో బీఎస్-4 అమలైతే, మిగతా దేశంలో బీఎస్-3 నడిచింది. అంటే ఒకే ఏడాది రిజిస్టరైన బండ్లలోనూ తేడా ఉంది. సుప్రీంకోర్టు సైతం ఇటే వచ్చింది. ఢిల్లీలో వయసును చూసి కఠిన చర్యలు తీసుకోవద్దని 2025 ఆగస్టులో చెప్పిన కోర్టు, డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపైన ఉన్నవాటికే పరిమితం చేసింది. పైగా డీజిల్ బండికి మనం తీసుకునే పొల్యూషన్ సర్టిఫికెట్ పొగ ఎంత నల్లగా ఉందో చెబుతుంది గానీ నైట్రోజన్ ఆక్సైడ్ల సంగతి ఎత్తదు. పాత బండ్లను తరమడానికన్నా ముందు సరిచేయాల్సింది ఆ పరీక్షనే.

భద్రత విషయంలో పాత బండి తరఫున చెప్పేది తక్కువ. ఏబీఎస్, డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ అన్ని కొత్త కార్లకూ తప్పనిసరైంది 2019లోనే. అవి లేకుండా వచ్చిన బండికి ఏ మరమ్మతూ వాటిని తెచ్చిపెట్టదు. ఎత్తుగా, బరువుగా ఉంది కదా అని ధైర్యపడేవాళ్లు, ఆ ఎత్తే మలుపులో బోల్తా కొట్టిస్తుందని గుర్తుంచుకుంటే చాలు.

ప్రైవేటు బండికి పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. కారుకు 600 రూపాయలున్న ఆ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి ఐదువేలు చేశారు. ఇరవై ఏళ్లు దాటితే పదివేలని 2025 ఆగస్టులో మళ్లీ పెంచారు. ఫీజు పెంపు పేదవాడి మీద భారమని అంటారు. ఆటో, ట్రాక్టరు విషయంలో అది నిజం. మూడు లీటర్ల ఎస్‌యూవీని పోషించేవాడు పేదవాడు కాడు గనక ఆ సానుభూతి ఇక్కడ అక్కర్లేదు. అడగాల్సింది వేరే ఉంది: పదివేలు కట్టించుకుంటున్నప్పుడు బండిని లిఫ్టు మీద పైకెత్తి ఛాసిస్ తుప్పు, బాల్ జాయింట్ల ఆట, బ్రేకుల పట్టు చూసి, మీటరు రీడింగుతో సహా రికార్డులో ఎక్కించాలి కదా? ఏటా బీమా కట్టేటప్పుడు కూడా ఆ రీడింగు నమోదు చేసి, కొనేవాడు నంబరు కొట్టగానే ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో కనిపించేలా చేస్తే మీటరు వెనక్కి తిప్పే బేరగాళ్లకు సగం పని తగ్గిపోతుంది. ఆ పాటి రికార్డు ఉంటే ఏ బండిని ఉంచాలో, ఏది తుక్కుకు పంపాలో తేల్చడానికి పదేళ్లు, పదిహేనేళ్లు అని ఒక అంకె గీసుకుని కూర్చోవాల్సిన పని రవాణా శాఖకు ఉండదు.