సికింద్రాబాద్‌లో వాన పడితే మన చేను తడిసినట్టేనా?



"కాలం మారింది" అని అందరం అంటున్నం. ఏం మారిందంటే మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో మాట. బోరున్నాయన "ఎండలే ఎక్కువైనయ్" అంటడు. గట్టు అవతల చెల్కల పత్తి పెట్టినాయన "వానలే బందైనయ్" అంటడు. ఇద్దరి మీద పడ్డ వాన ఒకటే. నీళ్లు చేతిలో లేనోడే రోజూ మొగులు దిక్కు చూస్తడు.

ఇంక టీవీ సంగతి. సికింద్రాబాద్‌లో కార్లు మునిగితే రాష్ట్రమంతా కుండపోత అన్నట్టే చూపిస్తరు. అదే సాయంత్రం మన చెరువు కట్ట మీద దుమ్ము లేస్తుంటది. అయినా చుట్టాలు ఫోన్ చేసి "మీకు మంచి వానలట కదా" అంటరు!

2023 యాదికి తెచ్చుకోండి. జులై 27 పొద్దుటికి 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, దేశం మొత్తం మీద 1901 నుంచి ఉన్న లెక్కల్లోనే అన్నిటికంటే పొడి ఆగస్టు. రెండు నెలలు కలిపి సగటు తీసేటోనికి మంచి ఏడాదే. పూత మీదున్న చేనుకు కాదు.

అయితే అన్నీ కాలం ఖాతాలో రాయొద్దు. మృగశిర కార్తెలో ఒక్క జల్లు పడంగనే పత్తి గింజ పెడ్తం. యూనివర్సిటోళ్లు 60-70 మిల్లీమీటర్లు పడి నేల నానినంకనే పెట్టమంటరు. అప్పు తెచ్చిన ప్యాకెట్టు ఇంట్లో ఉంటే చెయ్యి ఆగదు, అదీ నిజమే. కానీ మొలక మాడితే తప్పు వానదంటం.

ఉమ్మడి రాష్ట్రంలో ఎఫ్‌ఏఓ సాయంతో 7 జిల్లాల్లో రైతులే నడిపిన భూగర్భజలాల పథకం ఒకటి ఉండె. మన మహబూబ్‌నగర్, నల్గొండ కూడా అందులో ఉన్నయి. రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం కొలిచి, యాసంగి ముందు ఊరంతా కూసోని నీళ్ల లెక్క వేసుకునేటోళ్లు. చదువు రానోళ్లు కూడా చేసిన్రు.

కరువు మండలమా కాదా అని తేల్చేటప్పుడు మండలం వాన చూస్తరు, మీ ఊరి వాన కాదు. "మా ఊళ్లో పడలే" అని నోటితో చెప్తే ఎవరు వింటరు? అందుకే ఊరికో వాన కొలిచే డబ్బా పెడదాం. చెట్ల కింద, గోడల పక్కన వద్దు. పొద్దున ఎనిమిదిన్నరకు కొలిచి నోటుబుక్కుల రాయాలె. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే వాన పడ్డ రోజు. నడుమ ఎన్ని రోజులు ఎండగొట్టిందో అదే బయటపడ్తది.

ఇప్పటికే రాస్తున్నోళ్లుంటే ఒక పేజీ ఫోటో కింద పెట్టండి. మిగిలినోళ్లం జూన్ 1న మొదలుపెడదాం.