నాన్న పేరు ముందు 'లేట్' రాయకండి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు నాలుగు మాటలు రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేసి అడిగారు. పూర్వ విద్యార్థులు మామూలుగా నీళ్ళచారు గురించి, ట్రంకు పెట్టెల గురించి, ఆదివారం కోడిగుడ్డు గురించి రాస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. రెండు వాక్యాలు రాసేసరికి ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని విషయం ఒకటి అడ్డొచ్చింది. అది చెప్పకుండా మిగతావి రాయబుద్ధి కాలేదు.

అది 2003వ సంవత్సరం. పదో తరగతి పాసై ఇంటర్‌లో చేరాను. స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపాలి. మా నాన్న నాకు ఆరేళ్ళప్పుడు మేస్త్రీ పనికి బొంబాయి పోయాడు. పాలమూరు జిల్లాలో అదేమీ వింత కాదు. మా వాడలో ఇంటికొకరు పోయేవారు, పండక్కి తిరిగొచ్చేవారు. మా నాన్న రాలేదు. అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

ఆదాయ ధ్రువపత్రం కోసం ఆఫీసుకు పోతే తండ్రి సంతకం కావాలన్నారు. "మా నాన్న లేడు సార్" అన్నాను. "లేడంటే? సచ్చిపోయిండా?" అని గుమాస్తా అడిగాడు. నా వెనక వరుసలో మా క్లాసు పిల్లలున్నారు. వాళ్ళ ముందు 'మమ్మల్ని వదిలేసి పోయాడు' అనే మాట నోట రాలేదు. "అవును సార్" అన్నాను. "అయితే పేరు ముందు లేట్ అని రాయి" అన్నాడు. రాశాను.

విచారణకు తల్లిని తీసుకురమ్మన్నారు. అమ్మ కూలి మానుకుని వచ్చింది. గుమాస్తా కాగితం వైపు, అమ్మ వైపు చూసి, "మొగడు సచ్చిండని రాసిన్రు, మరి ఈ బొట్టేందమ్మా?" అన్నాడు. నేనేం రాశానో అమ్మకు తెలియదు. నా మొహం చూసి అర్థం చేసుకుంది. బయటికొచ్చాక ఒకటే మాట అన్నది: "బతికున్నోన్ని సచ్చిండని రాస్తవా బిడ్డా? ఆయన జేసింది తప్పే. గని అబద్ధం మనమెందుకు ఆడాలె?"

మరుసటి వారం మళ్ళీ రమ్మన్నారు. ఆ రోజు అమ్మ నుదుట బొట్టు లేదు. మెట్టెలు తీసి కొంగున ముడేసుకుని వచ్చింది. నా స్కాలర్‌షిప్ ఆగకూడదని. సంతకాలయ్యాక బస్టాండులో ఆ ముడి విప్పి, బల్ల మీద కూర్చుని మళ్ళీ తొడుక్కుంది. నేను సోడాబండి వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆ అబద్ధం అక్కడితో ఆగలేదు. డిగ్రీలో చేరినప్పుడు రేషన్ కార్డులో నాన్న పేరు బతికున్నట్టే ఉంది. "చనిపోయాడంటున్నావు, మరణ ధ్రువపత్రం తే" అన్నారు. బతికున్న మనిషికి ఆ పత్రం ఎక్కణ్ణుంచి తేను? ఆ ఏడాది స్కాలర్‌షిప్ రాలేదు.

ఇప్పుడు నేను ఉపాధ్యాయుణ్ణి. ఏటా జూన్, జూలై నెలల్లో దరఖాస్తులు పట్టుకుని పిల్లలు వస్తారు. తండ్రి పేరు దగ్గరికి రాగానే కొందరి చెయ్యి ఆగుతుంది. ఆ ఆగడం నాకు తెలుసు. అందుకే ఈ నాలుగు మాటలు.

మన దరఖాస్తులకు ఇద్దరు తండ్రులే తెలుసు, బతికున్న తండ్రి, చనిపోయిన తండ్రి. వెళ్ళిపోయిన తండ్రి వాటికి తెలియదు. ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌నే తీసుకోండి. కేంద్ర పథకం ప్రకారం తల్లిదండ్రుల ఏడాది ఆదాయం 2.5 లక్షల రూపాయలు దాటకూడదు. మంచిదే. కానీ ఎక్కడున్నాడో తెలియని మనిషి ఆదాయం ఎంతని రాయాలి? పైసా పంపని వాడి సంపాదన మన ఆదాయం ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరకని పిల్లవాడు 'లేట్' అనే రెండక్షరాల దారి వెతుక్కుంటాడు. తప్పు పిల్లవాడిది కాదు, వాడికి వేరే దారి చూపని కాగితానిది.

చట్టం ఈ కాగితం కంటే చాలా ముందుకు నడిచింది. 1999లో గీతా హరిహరన్ కేసులో, తండ్రి బతికుండగానే తల్లి సహజ సంరక్షకురాలు కావచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. తండ్రి పిల్లల్ని పట్టించుకోకపోయినా ఆయన 'లేనట్టే' అని అర్థం చెప్పింది. 2015లో ఇంకో కేసులో, పెళ్ళికాని తల్లి సంరక్షకత్వం కోరినప్పుడు తండ్రి పేరు బయటపెట్టమని బలవంతం చేయనక్కర్లేదన్నది. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు మారి తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలన్నారు. 2018 డిసెంబరు నుంచి, తల్లి ఒక్కతే ఉన్నవారికి పాన్ కార్డు దరఖాస్తులో తండ్రి పేరు తప్పనిసరి కాదు. విమానమెక్కేవాడికి అమ్మ పేరు చాలినప్పుడు, హాస్టల్‌లో ఉండి చదువుకునేవాడికి ఎందుకు చాలదు?

కుల ధ్రువపత్రం సంగతీ ఇంతే. తండ్రి కులమే పిల్లల కులమని ఆఫీసుల్లో గట్టి నమ్మకం. తల్లి ఎస్సీ, తండ్రి వేరే కులమైతే, పైగా ఆ తండ్రి వదిలేసి పోతే, ఆ పిల్లల గతి చెప్పనక్కర్లేదు. 2012లో రమేష్‌భాయ్ నాయికా కేసులో సుప్రీంకోర్టు, పిల్లలకు తండ్రి కులమే వస్తుందన్నది ఒక ఊహ మాత్రమేనని, తల్లి కులంలోనే పెరిగి ఆ అవమానాలూ కష్టాలూ పడ్డామని రుజువు చేసుకునే హక్కు పిల్లలకుందని చెప్పింది. ఈ తీర్పు సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడనే కుర్రాడు చదువు కోసం గురువు దగ్గరికి పోతాడు. గోత్రమేమిటని అడిగితే, అది మా అమ్మకే తెలియదు, ఆమె పేరు జబాల, నేను సత్యకామ జాబాలుణ్ణి అంటాడు. గురువు చేర్చుకున్నాడు. కానీ ఇంత నిజం బ్రాహ్మణుడే చెప్పగలడని కూడా అన్నాడు. ఆ మాటతో మనకు పేచీ ఉంది. నిజం ఏ ఒక్క కులం సొత్తూ కాదు. ఆఫీసు బయట నిలబడి మా అమ్మ చెప్పింది కూడా నిజమే. ఆమెను ఎవరూ చేర్చుకోలేదు, అంతే తేడా.

తల్లి మాట చాలంటే ఉద్యోగాలున్న తండ్రులు కూడా 'వదిలేశారు' అని రాయించి లబ్ధి పొందుతారని కొందరు అంటారు. ఆ భయం ఉత్తదేమీ కాదు. కానీ ఊళ్ళో ఎవరి సంసారం ఎలా ఉందో నలుగుర్నీ అడిగితే తెలుస్తుంది. విచారణ చెయ్యడానికి సిబ్బంది ఉన్నారు. తెలంగాణలో 2017లో ఒంటరి మహిళలకు నెలకు 1000 రూపాయల పింఛను మొదలైంది, 2019లో అది 2016 రూపాయలైంది. భర్తకు దూరమై ఏడాది దాటిన స్త్రీ కూడా అందుకు అర్హురాలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒంటరి మహిళల పింఛను ఉంది. తల్లిని ఒంటరి అని ఒప్పుకుని పింఛనిచ్చే ప్రభుత్వమే, కొడుకు దగ్గరికొచ్చేసరికి తండ్రి సంతకం అడిగితే ఎలా? ఒక బల్ల దగ్గర నిజమైనది పక్క బల్ల దగ్గర అబద్ధమవుతుందా?

అందుకే నేను కోరేది చిన్నదే. ప్రతి దరఖాస్తులో మూడో గడి ఒకటి పెట్టండి, 'వేరుగా ఉంటున్నారు' అని. అక్కడ టిక్కు పెట్టినవారి విషయంలో తల్లి ఆదాయమే లెక్కించండి, తల్లి సంతకమే తీసుకోండి. అనుమానముంటే ఊళ్ళో విచారించండి. పిల్లవాణ్ణి వరుసలో నిలబెట్టి పదిమంది ముందు అడగకండి.

ఆ గడి వచ్చేదాకా తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఏం చెయ్యాలి? కోపంతో నాన్న పేరు కొట్టెయ్యకండి, సిగ్గుతో చంపెయ్యకండి. తెలిసిన పేరు రాయండి. కింద 'మాతో ఉండటం లేదు, పోషణ ఇవ్వటం లేదు' అని రాసి అమ్మ చేత సంతకమో వేలిముద్రో పెట్టించి జతచేయండి. తిప్పి పంపితే కారణం కాగితం మీద రాసిమ్మనండి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో జవాబివ్వాలి. తప్పుడు వివరాలతో తీసుకున్న స్కాలర్‌షిప్‌ను రద్దుచేసి, సొమ్ము తిరిగి వసూలు చేసే నిబంధన ఉందని మరచిపోవద్దు.

ఇంకో మాట. పోషించే స్తోమత ఉండీ వదిలేసిన తండ్రి నుంచి భార్య, మైనరు పిల్లలు మనోవర్తి అడగవచ్చు. పాత 125వ సెక్షన్ 2024 జూలై నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. రేపు ఆ హక్కు అడగాల్సి వస్తే, మీ చేతిరాతతోనే 'లేట్' అని ఉన్న కాగితం ఎదురు తిరుగుతుంది.

వార్డెన్‌లకు, గురువులకు ఒక విన్నపం. దరఖాస్తు నింపేటప్పుడు ఏ పిల్లవాడి చెయ్యైనా ఆ గడి దగ్గర ఆగితే, వాణ్ణి పక్కకు పిలిచి నెమ్మదిగా అడగండి. 2003లో నన్ను అలా ఎవరైనా పిలిచి ఉంటే, మా అమ్మ మెట్టెలు తీయాల్సిన పని ఉండేది కాదు.

మా అమ్మ ఇప్పుడూ బొట్టు పెట్టుకుంటుంది. అది ఎవరి కోసమో ఆమెను ఎవరూ అడగనక్కర్లేదు.

- ఒక పూర్వ విద్యార్థి